కరెంటు పెట్టె పైన నీళ్ళ గొట్టం

కిందటేడు మా బేస్‌మెంట్‌లో సింకు పెట్టాం. నీళ్ళ గొట్టాన్ని కరెంటు ప్యానెల్ మీదుగా తీసుకెళితే దగ్గర దారి, ఖర్చూ తక్కువ అని నేనే అలా బిగించేశాను. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు, తీసెయ్యమన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ప్యానెల్ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉందో అంత మేర, నేల నుంచి ప్యానెల్ పైన 6 అడుగుల దాకా, ఈలోపే ఇంటికప్పు వస్తే కప్పు దాకా, ఆ చోటంతా కరెంటుదేనట. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం అందులోకి నీళ్ళ గొట్టం రాకూడదట.

గొణుక్కుంటూనే గొట్టాన్ని ఎదుటి గోడకు మార్చాను. చలికాలంలో ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి తడిసిన సాక్సులతో పైకొచ్చి, "నాన్నా, కింద నీళ్ళు!" అంది. నేను బిగించిన అతుకే కారింది. కార్పెట్ పాడైంది, అంతే. అదే అతుకు ప్యానెల్ పైన ఉండి ఉంటే? తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చిన్నప్పుడు అమ్మ, "తడిచేత్తో స్విచ్చి ముట్టుకోకురా" అనేది. ఇన్‌స్పెక్టర్ చెప్పిందీ ఆ మాటే, కాకపోతే అడుగుల్లో కొలిచి చెప్పాడు.

పిల్లలూ, మీ ఇంట్లో ప్యానెల్ పైన ఏముందో అమ్మానాన్నలతో కలిసి చూడండి. చూడండి అంతే, ముట్టుకోకండి!