హిజ్లీలో ఆగిపోయే ట్రంకుపెట్టెలు

ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో 1951లో ఆరంభమైన ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి వేసవి సెలవులు వస్తే, ఊరికి ప్రయాణమయ్యే విద్యార్థికి సామాను పెద్ద సమస్య. విశాఖపట్నం రైలులో పరుపు, బకెట్టు, పుస్తకాల పెట్టె మోసుకుపోవడం ఎవరి తరం? పేరు రాసిన చీటీ అతికించి వసతిగృహంలోనే వదలిపోవాలి.

అక్కడ దొంగకన్నా చెమ్మకే ఎక్కువ భయపడాలి. మే ఎండకు పెళపెళలాడిన కాగితాలు జూన్‌లో బెంగాలు వానలు దిగగానే ఉబ్బిపోతాయి. ఆ ఎర్రనేలలో చెదలకూ కొదువ లేదు. తెలిసినవారు పెట్టెను ఇటుకలపై ఎత్తి, గోడకు జానెడు ఎడంగా ఉంచి, పుస్తకాల నడుమ వేపాకు పరుస్తారు. తోలుచెప్పులకు మాత్రం బూజు తప్పదు! పట్టాలు, మార్కుల పత్రాలు వెంట ఉండడమే క్షేమం.

జులైలో తిరిగివచ్చినవాడు తాళం తీసి మొదట తడిమి చూసేది స్వహస్తంతో రాసుకున్న నోటుపుస్తకాలనే. అవి ఏ బజారులోనూ దొరకవు.