సెంటర్‌పిన్ రీల్: ఎంపిక, సంరక్షణ

సెంటర్‌పిన్ రీల్ అంటే చేపల వేటలో గాలపు దారం చుట్టుకునే, నడిమి ఇరుసు మీద గిరగిరా తిరిగే చక్రం. ఇందులో పళ్లచక్రాలు ఉండవు. పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ (దారం చుట్టి ఉండే భాగం) కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. దీని మూలం 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ చెక్క రీళ్లలో ఉంది. పారే నీటి వెంట బెండును వదలడం దీని అసలు పని.

అయితే మేడ్చల్ జిల్లా శామీర్‌పేట చెరువుది నిలకడ నీరు. ప్రవాహం దారాన్ని లాగదు, దూరం విసరడానికీ ఈ రీలు అనువు కాదు. ఒడ్డు దగ్గరే బెండు వేసి రవ్వ, బొచ్చెల కోసం కాచుకునేవారికి మాత్రం నప్పుతుంది. గాలానికి పడ్డ చేప పరుగెత్తితే స్పూల్ అంచు మీద బొటనవేలే బ్రేకు. చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సంఘాలది కాబట్టి ముందు వారి అనుమతి తీసుకోవాలి.

కొనేటప్పుడు 4 నుంచి 4.5 అంగుళాల వ్యాసం ఉన్నది చూడాలి. వేలితో తడితే స్పూల్ చాలాసేపు తిరగాలి, పక్కలకు ఊగకూడదు. స్పూల్ వెనక సందులో దారం ఇరుక్కోకూడదు. బేరింగ్ రీలు తేలిగ్గా తిరుగుతుంది, సాదా ఇరుసుది శుభ్రం చేయడం సులువు.

ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే ఒడ్డున దుమ్మే దీనికి శత్రువు. రీలును నేల మీద పెట్టకూడదు. ఇంటికొచ్చాక స్పూల్ ఊడదీసి, ఇరుసును మెత్తటి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి. గ్రీజు వేస్తే తిరుగుడు మందగిస్తుంది. పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టాలి.