విశ్వాసంలో మనం పెద్దవాళ్ళం ఎప్పుడవుతాం?

ఇది కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన గ్రూపులో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, మారేడుమిల్లి, రంపచోడవరం వైపు నుంచి వచ్చి రాజమండ్రిలో చదువుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ క్రైస్తవులు కారని నాకు తెలుసు. మిగతావాళ్ళు కూడా చదవొచ్చు, దాచిపెట్టే మాటలేమీ లేవు. కానీ ఈ ప్రశ్న మాత్రం ముందు మా క్రైస్తవ పిల్లలకే: మనం విశ్వాసంలో ఎదుగుతున్నామా, లేక వయసు ఒక్కటే పెరుగుతోందా?

ఎదిగాడు అని మనం ఎవర్ని అంటాం? ఉపవాస కూటాలకి మానకుండా వచ్చేవాణ్ణి. రాత్రంతా ప్రార్థనలో కూర్చునేదాన్ని. కీబోర్డు వాయించేవాణ్ణి, అడగ్గానే వాక్యం అధ్యాయంతో సహా చెప్పేదాన్ని. వీటిని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఇంటర్ అయ్యాక మొదటిసారి ఘాట్ రోడ్డు దిగి రాజమండ్రి వచ్చినప్పుడు నాకు ఈ ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆదివారం పూట ఆ చిన్న కూటం లేకపోతే మొదటి సంవత్సరమే సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. పాటలు నన్ను నిలబెట్టాయి, ఆ మాట ఎక్కడైనా చెప్తాను.

అయితే బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక చదివితే ఒక విషయం మనసులో గుచ్చుకుంటుంది. ఆ సంఘంలో వరాలకి కొదవలేదు. మాట్లాడేవాళ్ళున్నారు, ప్రవచించేవాళ్ళున్నారు, జ్ఞానం ఉంది. అయినా పౌలు వాళ్ళని క్రీస్తులో పసిపిల్లలు అన్నాడు. ఎందుకంటే వాళ్ళలో అసూయ ఉంది, కొట్లాట ఉంది. ఒకరు పౌలు వర్గం, ఇంకొకరు అపొల్లో వర్గం. ఇరవై గడపల గూడెంలో రెండు చర్చీలు, ఈ చర్చివాళ్ళ ఇంట్లో పెళ్ళికి ఆ చర్చివాళ్ళు భోజనానికి రారు. ఇలాంటివి మన ఏజెన్సీలో మనం చూడలేదా? ఈ లెక్కన బాగా పాడే సంఘం కూడా పాలు తాగే వయసులోనే ఉండిపోవచ్చు.

హెబ్రీ పత్రికలో కూడా పాలు, గట్టి ఆహారం అనే పోలిక ఉంది. అక్కడ పెద్దవాళ్ళకి ఇచ్చిన గుర్తు ఏమిటో గమనించండి. అభ్యాసం వల్ల మంచి ఏదో చెడు ఏదో విడమరిచి తెలుసుకోగలిగినవాళ్ళు పెద్దవాళ్ళు. అంటే ఎవరో రాసిచ్చిన పట్టీ చూసి నడవడం చిన్నప్పటి పని. సొంతంగా తూచి, నిర్ణయం తీసుకుని, దాని బరువు మోయడం పెద్దవాళ్ళ పని.

నాకు ఇది బాగా అర్థమైంది డెల్టాలో వరి చేలు చూశాకే. మన కొండ మీద పోడులో విత్తనం ఎక్కడ పడితే అక్కడే మొలిచి అక్కడే పండుతుంది. ధవళేశ్వరం కింద కాలవల మీద వ్యవసాయం వేరు. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, ఆ నీళ్ళ మీదే డెల్టా అంతా బతుకుతోంది. అక్కడ ముందు నారుమడి పోస్తారు. చిన్న చెక్కలో నారు దట్టంగా, పచ్చగా ఉంటుంది. చూస్తే చేనంతా అలా ఉంటే బాగుండు అనిపిస్తుంది. కానీ ఇరవై అయిదు, ముప్పై రోజులకి ఆ నారు పీకి వేరే మడిలో నాటాలి. జాలిపడి అక్కడే వదిలేస్తే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు తెచ్చి నాటినా పిలకలు సరిగ్గా వేయదు, దిగుబడి తగ్గుతుంది.

మన హాస్టల్ కూటాలు నారుమడి లాంటివి. అందరం ఒక చోట ఉన్నాం, ఒకరి పక్కన ఒకరం నిలబడి పచ్చగా కనపడుతున్నాం. అది అవసరమే. పంట మాత్రం నాటిన చోట వస్తుంది. మనల్ని నాటే చోటు మన గూడెం, మన ఇల్లు, రేపు ఉద్యోగం వచ్చే ఊరు. అక్కడ ఆమెన్ అనేవాళ్ళు పక్కన ఉండరు.

నేను చూసిన ఒక పెద్దావిడ గురించి చెప్పాలి. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద ఎవరూ మర్చిపోలేదు. భద్రాచలం దగ్గర నీళ్ళు 71.3 అడుగులకి వెళ్ళాయి. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, దాన్నిబట్టి ఊహించుకోండి. శబరి వెనక్కి తన్ని మా వైపు ఊళ్ళు మునిగిపోయాయి. నీళ్ళు తీశాక కొంతమంది విశ్వాసులు బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు పంపించారు. పంచడానికి యూత్ వాళ్ళం కూర్చున్నాం. ఉన్నవి తక్కువ, ఇళ్ళు ఎక్కువ. ఒకతను అన్నాడు, ముందు సంఘం వాళ్ళకి ఇద్దాం, మిగిలితే మిగతావాళ్ళకి అని. కొందరు తల ఊపారు. మూలన కూర్చున్న ఆ పెద్దావిడకి చదువు రాదు. బైబిలు ఎవరైనా చదివితే వింటుంది, అంతే. ఆవిడ లేచి, "మనకి పంపేవాళ్ళున్నారు. వాళ్ళకి ఎవరున్నారు? ముందు ప్రార్థనకి రాని ఇళ్ళ నుంచి మొదలెట్టండి," అంది. ఎవరూ నోరు మెదపలేదు. అలాగే పంచాం. చివరికి దుప్పట్లు చాలలేదు, ఆవిడ ఇంటికి అందలేదు. ఆవిడ దాని గురించి మళ్ళీ ఎత్తలేదు కూడా.

ఆ రోజు ఆ గదిలో వాక్యాలు బాగా తెలిసినవాళ్ళు చాలామందిమి ఉన్నాం. వాటిని అరగించుకున్నది ఆవిడ ఒక్కతే అని నాకు అనిపించింది.

ఇప్పుడు మన పిల్లలకి కష్టమైన విషయానికి వస్తాను. తొలకరికి ముందు ఊళ్ళో విజ్జ పండుం వస్తుంది, మన విత్తనాల పండుగ. సెలవులకి ఇంటికి వెళ్ళిన క్రైస్తవ పిల్లలకి అక్కడ పెద్ద చిక్కు. కొందరు ఆ రోజు తలుపేసుకుని లోపలే కూర్చుంటారు, నాయనమ్మతో కూడా మాట్లాడరు, "అదంతా సైతాను పని" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కొందరు గొడవెందుకని అన్నిటిలో కలిసిపోయి, రాజమండ్రి వచ్చాక పాస్టరు గారికి వేరే మాట చెప్తారు. ఈ రెండిటిలోనూ ఆలోచించే పని తప్పించుకోవడమే ఉంది.

నేను ఎలా ఉంటానో చెప్తాను. మీరూ అలాగే ఉండాలని చెప్పడం లేదు. బలి ఇచ్చే చోట నేను నిలబడను, సారా ముట్టను. అది మా ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే కూర్చోబెట్టి మర్యాదగా చెప్పాను. మొదటి ఏడు నాయన రెండు రోజులు మాట్లాడలేదు. కానీ విత్తనాల బుట్ట మోస్తాను, వచ్చిన చుట్టాలకి వండి పెడతాను, ఊరి పనికి నా వంతు నేను చేస్తాను. విత్తనాన్ని గౌరవించడం, ఊరంతా ఒకేసారి దుక్కికి దిగడం, ఉన్నది పంచుకుని తినడం నాకు ఏ వాక్యానికీ అడ్డుగా కనపడలేదు. ఎక్కడ గీత గీయాలి అన్నది ప్రతి ఒక్కరూ ప్రార్థించి, వాక్యం చదివి, పెద్దల్ని అడిగి తేల్చుకోవాలి. ఎవరిని తిట్టకుండా ఆ గీత మీద నిలబడగలిగితే అదే ఎదగడం.

భాష సంగతి కూడా అంతే. రాజమండ్రి బస్సులో ఇంటి నుంచి ఫోను వస్తే గొంతు తగ్గించి, తెలుగులోకి మారిపోయే పిల్లలు నాకు తెలుసు. కోయ మాట వినపడితే నలుగురూ చూస్తారని భయం. వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1860ల్లో గోదావరి మీద పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు జరుగుతున్నప్పుడు అక్కడ హేగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. కోయల మధ్య సువార్త పని మొదలవడానికి ఆయన ప్రోత్సాహం ఉంది. అక్కడే ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగాయన క్రీస్తుని నమ్మి, సర్కారు కొలువు వదిలేసి, కోయల మధ్య పనిచేయడానికి వచ్చాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ మన భాష నేర్చుకుని, మన ఆచారాల గురించి పత్రికల్లో వ్యాసాలు రాశాడు. లూకా సువార్త 19వ శతాబ్దంలోనే కోయ భాషలోకి వచ్చింది. బయటివాళ్ళు రాసినవన్నీ సరైనవని నేననను. కానీ సువార్త మోసుకొచ్చినవాళ్ళే ఈ భాష దేవుడి మాటకి తగినదే అనుకున్నారు. ఆ సువార్త నమ్మిన మనం ఆ భాషకి సిగ్గుపడితే ఎలా?

ఇంకో భయం సర్టిఫికెట్ గురించి. చర్చికి వెళ్తున్నట్టు తెలిస్తే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కొందరు బైబిలు పెట్టె అడుగున దాస్తారు. చట్టం తెలుసుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి అందులో చోటిచ్చారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మాత్రం మతం షరతు లేదు. అలాంటిది పెట్టాలని అడిగేవాళ్ళున్నారు, కాబట్టి కళ్ళు తెరిచి ఉండాలి. కానీ భయంతో అబద్ధం చెప్పాల్సిన పని లేదు. మనం కోయలం, కొండరెడ్లం, కొండదొరలం. మనం క్రైస్తవులం కూడా. రెండూ నిజాలే, రెండూ తల ఎత్తుకుని చెప్పొచ్చు.

మరి ఎదగడానికి ఏం చేయాలి? నేను పెద్ద బోధకురాలిని కాదు, నాకు పనికొచ్చినవి మూడు చెప్తాను. ఒకటి, రోజూ బైబిలు సొంతంగా చదవడం. ఫోన్‌లో ఎవరో అరిచే ముప్పై సెకన్ల ప్రవచనం వినడం చదవడం కింద లెక్క రాదు. ఒక పత్రిక మొదటి నుంచి చివరి దాకా చదివి, అర్థం కాని చోట అడగండి. రెండు, మనకంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం. చదువు రాని పెద్దలైనా సరే, కష్టకాలంలో వాళ్ళు ఎలా నిలబడ్డారో అడగండి. మూడు, ఎవరూ చూడని పని ఒకటి చేతిలో పెట్టుకోవడం. ఫస్ట్ ఇయర్ పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడం, ఆస్పత్రికి వచ్చిన ఊరివాళ్ళకి తోడు వెళ్ళడం. స్టేజీ మీద పాట అందరం పాడతాం, గవర్నమెంటు ఆస్పత్రి వరండాలో రాత్రి కూర్చునేవాళ్ళు తక్కువ.

ఇవి చేస్తే ఏడాదిలో పెద్దవాళ్ళం అయిపోతామని కాదు. మీరు మారారా లేదా అని మిమ్మల్ని మీరు అడగొద్దు. సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో అమ్మని అడగండి, చెల్లిని అడగండి. కోపం తగ్గిందా, మాట మీద నిలబడుతున్నామా, ఇంట్లో పని చేస్తున్నామా అని. వాళ్ళు చెప్పింది కింద రాయండి. అందరం చదువుకుందాం.