తుంగభద్ర ఒడ్డున తాడు విద్య

ఆదోని అంటే పత్తి, ఎమ్మిగనూరు అంటే మగ్గం. ఆ ఎండల సీమలో చేపల మాట ఎత్తితే నవ్వేవారే ఎక్కువ. కాని ఆదోని కోటకొండలు వెనక్కి వదిలి, సుమారు 30 కిలోమీటర్లు బస్సులో వచ్చి, ఎమ్మిగనూరు నుంచి నాగలదిన్నె దారి పట్టండి, తుంగభద్ర ఎదురవుతుంది. అవతలి ఒడ్డు తెలంగాణ. 2009 అక్టోబరు వరద ఇక్కడి వంతెనను పడగొట్టి, ఎగువన మంత్రాలయాన్ని ముంచింది. వేసవిలో బండల నడుమ పాయలై పారే ఈ నదేనా అది అనిపిస్తుంది!

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించారు. పడుగు పోగులు చిక్కుపడకుండా, ఒకటి కిందికీ ఒకటి మీదికీ పోయేలా నడుమ పుల్లలు పెడతారు నేతగాళ్లు. ఏటి ఒడ్డున విసురువల పట్టిన ముసలాయనదీ అదే బాధ. ఆయన దగ్గర పుల్లలు లేవు, వేళ్లే ఉన్నాయి.

"వల ఇసిరేది ఎవురైనా నేర్చుకుంటారప్పా. తాడు ఇడిసేది నేర్చుకోవల్ల" అన్నాడు.

గుండ్రని వల, అంచు పొడుగునా సీసపు గుళ్లు, కొసన తాడు. ఆ తాడు ఎడమ మణికట్టుకు ఉంటుంది. దగ్గర్లో వేస్తే చిక్కే లేదు. దూరపు మడుగులోకి వేయాలంటే పది పన్నెండు మూరల వదులు తాడు చేతిలో ఉండాలి. దాన్ని కాళ్ల దగ్గర పడేస్తే కంపకో రాతికో తగులుతుంది. నీళ్లలో నిలబడితే ప్రవాహం లాక్కుపోతుంది. వల గాలిలో ఉండగా తాడు పట్టేసిందా, విచ్చుకోవలసిన వల మూటలా పడుతుంది. అందుకని ఆయన తాడును ముందుగా తడిపి, చుట్టలు చుట్టి ఎడమచేత పట్టాడు. మొదటి చుట్ట పెద్దది, తర్వాతవి ఒకదానికన్న ఒకటి చిన్నవి. చివర చుట్టినది ముందు పోతుంది. ఒకదానిలో ఒకటి దూరదు.

ఇంగ్లండులో, అమెరికాలో ఈకలతో కట్టిన దొంగ ఈగను గేలానికి పెట్టి విసిరేవారికీ ఇదే తంటా. ఈగకు బరువుండదు, బరువంతా దారానిదే. దూరం పోవాలంటే చాలా దారం ముందే లాగి వదులుగా ఉంచుకోవాలి. కొందరు చేతిలో చుట్టలు పడతారు, కొందరు నడుముకు బుట్ట కట్టుకుని దారాన్ని అందులో పోస్తారు. వారికది వినోదం, ఈయనకు రాత్రి కూడు.

పన్నెండేళ్ల మనవడు తాడు కట్టుకున్నాడు. ముసలాయన ముడి చూశాడు. జారుముడి. మాట్లాడకుండా విప్పేశాడు. వల బండ కింద ఇరుక్కుని నీరు లాగితే జారుముడి బిగుస్తుంది. మనిషి వెంట పోతాడు. బిగియని ముడితో, చెయ్యి సులువుగా బయటికి వచ్చేంత వదులుగా ఉంగరం కట్టాలి. కుర్రవాడు మూడుసార్లు కట్టాడు, తాత మూడుసార్లు విప్పాడు. నాలుగోసారి తలూపాడు.

వల సగమే విచ్చుకుంది. రెండు పరిగెలు పడ్డాయి. కుర్రవాడు వాటిని ఎత్తి చూపించాడు. ముసలాయన చేపల్ని చూడలేదు. మనవడి మణికట్టుకేసి చూస్తున్నాడు.