టార్కీ తీరమున నాచు చిత్రములు

సముద్రమును జూచి ముచ్చటపడని వారుందురా? తీరమునకు బోయిన ప్రతి స్త్రీయు నాలుగు గవ్వలైనను కొంగున ముడివేసికొనక యిల్లు చేరదు. ఆ గవ్వలు కొన్నాళ్లు గూటిలోనుండి, పిల్లల యాటలలో బడి, కడపట చీపురు పాలగుట మన మెఱిగినదే. అయితే ఆ ముచ్చటనే విద్యగాను, ఆ విద్యనే కళగాను, ఆ కళనే జీవనాధారముగాను జేసికొన్న స్త్రీ యొకతె ఇంగ్లండు దేశమున నుండెను. ఆమె నివసించిన టార్కీ పట్టణమును మేము చూచి వచ్చితిమి. అచ్చట కన్నదియు, అందుగుఱించి చదివి తెలిసికొన్నదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

టార్కీ పట్టణము డెవన్ మండలమున, దక్షిణ సముద్రతీరమున నున్నది. లండనులోని పాడింగ్టను స్టేషనున రైలెక్కినచో నించుమించు మూడు గంటల ప్రయాణము. ఎక్సెటరు దాటినపిమ్మట ఆ దారి చూచి తీరవలసినదే. డాలిష్ మొదలు టైన్మత్ వఱకు రైలు సముద్రపుటొడ్డుననే సాగిపోవును. ఒక ప్రక్క గేరుమట్టి పూసినట్లు ఎఱ్ఱని కొండచరియలు, మఱియొక ప్రక్క గోడను గొట్టి లేచు కెరటములు. బ్రునెల్ అను ప్రసిద్ధ ఇంజనీరు నిర్మించిన యీ దారి 1846వ సంవత్సరమున తెఱవబడెను. 2014వ సంవత్సరపు ఫిబ్రవరి తుపానులో డాలిష్ వద్ద సముద్రము గోడను పగులగొట్టగా పట్టాలు గాలిలో వ్రేలాడినవి. సముద్రముతో చెలిమి చేయువారు దాని కోపమునుగూడ నెఱిగియుండవలెనని మాకాచోట తోచినది.

టార్కీ ఊరు కొండలమీదను, వాని చఱియలలోను గట్టిన తెల్లని మేడలతో నొప్పుచుండును. వీథులవెంట ఈతచెట్లనుబోలిన చెట్లు కనబడగానే మాకు స్వదేశము జ్ఞప్తికి వచ్చినది. విచారింపగా అవి తాటిజాతివి గావనియు, న్యూజీలండునుండి తెచ్చి నాటినవనియు తెలిసినది. ఈ తీరమున చలి కొంత తక్కువయగుటచే పూర్వము రోగులును, వృద్ధులును ఇచ్చటికి విడిదికి వచ్చుచుండిరి. 1848లో రైలు వచ్చినతోడనే ఆ రాకపోకలు మిక్కిలి హెచ్చినవి.

మేము మీడ్‌ఫుట్ అను తీరమునకు పాటు సమయమున బోయితిమి. మన విశాఖపట్టణమున అమావాస్యకును పూర్ణిమకును నీరు లేచి దిగు ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు. అచ్చటనో, అది సుమారు నాలుగు మీటర్లు! ఉదయము నీటిక్రింద నున్న రాతినేల మధ్యాహ్నమునకు విశాలమైన పెరటివలె బయటపడును. ఆ పెరటిలో మొలచినవన్నియు నాచులే. పైభాగమున పచ్చని నాచు, పాలకూరవలె పలుచనిది. అంతకు దిగువ గోధుమవన్నె నాచు, తోలుపట్టెడలవలె జిగురుగలది. అన్నిటికిని అడుగున, రాతి నీడలలో, ఎఱ్ఱనాచు. దీనిలో కొన్ని పట్టునూలువలె సన్ననివి, కొన్ని లేత చిగురుటాకులవంటివి, కొన్ని నెమలియీకల కుచ్చులవంటివి. చేత బట్టినచో జారిపోవు ముద్దయే. నీటిలో విడిచినంతనే విప్పారి, ఏ చిత్రకారుడును వ్రాయజాలని చిత్రమై నిలుచును.

ఇట్టి సౌందర్యమునకు వశమైనవారిలో ప్రథమగణ్యురాలు అమీలియా గ్రిఫిత్స్ అను నామె. 1768లో డెవన్ మండలముననే జన్మించి, కార్న్‌వాలులో నొక మతాచార్యుని వివాహమాడెను. 1802లో భర్త మరణింపగా ఐదుగురు బిడ్డలతో మిగిలెను. వైధవ్యదుఃఖమున నామె తలుపు మూసికొని కూర్చుండలేదు. ఋతువెల్లను తీరమున దిరిగి నాచులను సేకరించి, వాని భేదములను తెలిసికొని, ఆ కాలపు వృక్షశాస్త్రజ్ఞులకు పంపుచు వచ్చెను. వారును ఆమెను గురువునుబోలె సంప్రదించిరి. స్వీడను దేశపు ఆగార్డ్ పండితుడు 1817లో ఒక ఎఱ్ఱనాచు జాతికి ఆమె పేరట గ్రిఫిత్సియా యని నామకరణము చేసెను. ఆమె సేకరించిన నాచులు ఎక్సెటరు నగరపు మ్యూజియములో నేటికిని భద్రముగా నున్నవి. ఆమె ఇంచుమించు తొంబది యేండ్లు జీవించి 1858లో స్వర్గస్థురాలయ్యెను.

అయినను మా మనస్సును ఎక్కువగా ఆకర్షించినది ఆ దొరసాని కథ కాదు, ఆమె యింటి దాసి కథ. ఆ దాసి పేరు మేరీ వయట్. యజమానురాలి వెంట తీరమునకు బోయి, బుట్ట మోసి, నాచు కడిగి, క్రమముగా ఏ నాచు ఏదో గుర్తింప నేర్చినది. పిమ్మట టార్కీలో గవ్వలును, ఆరవేసిన మొక్కలును అమ్ము అంగడి పెట్టినది. గ్రిఫిత్స్ గారి సహాయముతో, నాచుల నతికించిన సంపుటములను 1830వ దశకమునుండి ప్రకటింపసాగినది. ఆ గ్రంథము పేరు ఆల్గే డన్మోనియెన్సిస్, అనగా డెవన్ తీరపు నాచులు. నాలుగు సంపుటములును, ఒక అనుబంధమును గలిపి, రెండువందలకు పైగా రకములు అందున్నవి. ముఖపత్రముమీద ముద్రింపబడిన పేరు యజమానురాలిది గాదు, మేరీ వయట్‌ది!

ఈ గ్రంథమున బొమ్మలు లేవు. బొమ్మలకు మాఱుగా ప్రతి పుటయందును నిజమైన నాచునే అంటించి, క్రింద దాని శాస్త్రీయనామము చేర్చిరి. ఆ శ్రమ యెంతటిదో సోదరీమణులు లెక్క వేసికొనవచ్చును. సంపుటమునకు ఏబది రకములనుకొన్నచో, ఇరువది ప్రతులకు వేయి నాచుకొమ్మలు కావలెను. వానిలో ఒక్కొక్కటి పాటు సమయమున తెచ్చి, కడిగి, పఱచి, ఆరబెట్టి, తప్పులేని పేరు గుర్తింపవలెను. అచ్చుయంత్రము ఈ పనిలో సహాయము చేయజాలదు.

ఇక నాచును కాగితముమీద పఱచు విధము చెప్పెదము. ఇది ముగ్గు పెట్టు చేతులకు కష్టమైనది గాదు.

లోతు తక్కువైన వెడల్పుపళ్లెములో సముద్రపునీరు పోయవలెను. ఇసుకయు, చిన్న పురుగులును పోవునట్లు కడిగిన నాచును అందు వదలవలెను. దానిక్రిందికి దళసరి తెల్లకాగితమును జార్చి, మెత్తని కుంచెతోను, సూదితోను రెమ్మలను విడదీసి సహజమైన తీరున సర్దవలెను. రెమ్మలు మిక్కుటమైనచో కొన్ని కత్తిరింపవలెను. అటుపిమ్మట కాగితమును ఒక ప్రక్కనుండి మెల్లగా పైకెత్తి, ఏటవాలుగా బట్టి నీరు కార్చవలెను. పైన పలుచని మల్లుగుడ్డ కప్పి, క్రిందను మీదను అద్దుడుకాగితములు వేసి, పలకల నడుమ నుంచి బరువు పెట్టవలెను. తడిసిన అద్దుడుకాగితములను దినదినము మార్చవలెను. మల్లుగుడ్డను మాత్రము నాచు పూర్తిగా ఆరినదాక తీయరాదు, తీసినచో నాచు గుడ్డతో లేచివచ్చును. జిగురుగల రకములు తమ జిగురుతోనే కాగితమున కంటుకొనును, గంజియు బంకయు అక్కఱలేదు. సుకుమారమైన ఎఱ్ఱనాచులు కొన్ని మంచినీటిలో వేసినంతనే రంగు విడిచి చెడిపోవును గనుక సముద్రపునీరే శ్రేష్ఠము. సిద్ధమైన పటమును ఎండ తగులు గోడకు తగిలింపరాదు, వన్నె వెలిసిపోవును.

ఈ విద్య క్రమముగా ఇంగ్లండు స్త్రీలలో వ్యాపించెను. అన్నా అట్కిన్స్ అను నామె 1843 మొదలుకొని నాచును రసాయనము పూసిన కాగితముమీద నుంచి, ఎండకు బెట్టి, నీలివన్నె నడుమ తెల్లని నీడగా ముద్రపడునట్లు చేసి గ్రంథములుగా కూర్చెను. మార్గరెట్ గాటీ అను నామె 1863లో బ్రిటిషు నాచులనుగూర్చి గ్రంథము వ్రాసి, తీరమునకు బోవు స్త్రీలు చీలమండ దాటని పావడయు, మగపిల్లలు తొడుగు గట్టి బూట్లును ధరింపవలెనని ధైర్యముగా హితవు చెప్పెను. నేలమీద జీరాడు పావడలే మర్యాదగా నెంచిన ఆ దినములలో ఇది చిన్నమాట కాదు.

కాని యీ ముచ్చటకు చేదైన ఫలమొకటి కలదు. ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1853లో డెవన్ తీరపు వింతలను వర్ణించి గ్రంథము ప్రకటించెను. గాజుతొట్టెలలో సముద్రజీవులను పెంచు వేడుకకును ఆయన వ్రాతలు ప్రోత్సాహమిచ్చెను. అంతట జనులు సుత్తులతోను బుట్టలతోను తీరముమీద బడిరి. వేలయేండ్లుగా చెదరని రాతిగుంటలు కొలదికాలములో వట్టిబోయినవి. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన తన గ్రంథమున, తండ్రి యెఱుగకయే ఈ నాశమునకు కారకుడయ్యెనని మిక్కిలి వగచినాడు. ప్రేమించిన వస్తువును ప్రేమచేతనే పోగొట్టుకొనుట ఇదియే. కళతో వర్తకము చేయగోరువారు మొట్టమొదట నేర్వవలసిన పాఠము గూడ ఇదియే.

నేటికిని ఆ దేశమున నాచును పటములుగాను, శుభాకాంక్షపత్రములుగాను చేసి అమ్ము చిన్న వర్తకులు కలరు. వారిలో వివేకముగలవారు రాతినంటి పెరుగు నాచును పెఱుకరు. కెరటములు త్రోసి ఒడ్డున వేసినదానినే ఏరుదురు. మేమును అట్లే తీరమున బడియున్న ఎఱ్ఱనాచు రెమ్మలు మూడింటిని మాత్రము తీసికొని, విడిదిలోనే పఱచి ఆరవేసితిమి.

మన తీరముసంగతి యేమందురా? నాచు పట్టుకొని పెరుగుటకు రాయి కావలెను. ఆంధ్రతీరమున పెక్కుచోట్ల ఇసుకయు బురదయే గాన అది స్వల్పము. విశాఖపట్టణము, భీమునిపట్టణము ప్రాంతముల రాళ్లమీద పచ్చనాచును, ఎఱ్ఱనాచును గూడ కలదు. పెనుగాలి తగ్గిన మఱునాడు ఒడ్డున వెదకిన కావలసినంత దొరకును. గవ్వలవిషయమున మాత్రము జాగ్రత్త యవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి 2001లో పగడపుజాతులును, కొన్ని శంఖములును, గవ్వలును చేర్చబడినవి. అట్టివానిని ఏరుటయు, అమ్ముటయు నేరము.

మేరీ వయట్ సరకునకు విలువ యెట్లు వచ్చెనో యోచింపుడు. నాచు ఊరకనే దొరకును. కాగితము వెల స్వల్పము. ఆమె అమ్మినది తన చేతినేర్పును, దానికి మించి తన యెఱుకను. పేరులేని నాచుపటము గోడకు సింగారము మాత్రమే. సరియైన పేరును, దొరికిన చోటును, దినమును వ్రాసిన పటమునకు పండితుడును ధనమిచ్చును. పెట్టుబడి లేదని నిరుత్సాహపడు సోదరీమణులు ఈ మాట గమనింతురుగాక.

ఇంకొక మాట. మన యిండ్లలో పనిచేయు స్త్రీలయందును మేరీ వయట్‌లు ఉందురు. చేతిలోని చీపురునే చూచుచు ఆమె కంటిలోని కుతూహలమును మనము గమనింపకుందుము. గ్రిఫిత్స్ గారు ఒక జాతి నాచుకు తన పేరు మిగిల్చి పోయినది. దాసి నేర్చినది దాసిపేరనే లోకమునకు తెలియుటకు తోడ్పడినది. ఈ రెంటిలో మేము రెండవదానినే గొప్పదిగా నెంచుచున్నాము.