చివరగా చెయ్యి ఎక్కడ పెట్టారు?

కార్ల సంగతి ఆడవాళ్ల పత్రికలో ఎందుకమ్మా అని పేజీ తిప్పేయకండి. మిక్సీ, కుక్కరు, కుట్టుమిషను బాగుచేసుకునే మనకి కారు మాత్రం అంత పరాయిదా? అందులోనూ ఇంట్లో పాత బండి ఉండి, ఇంటాయనకి స్వయంగా రిపేరు చేసే సరదా కూడా ఉంటే, కాస్తో కూస్తో మనమూ తెలుసుకోక తప్పదు సుమండీ.

మాది 1996 నాటి మారుతి 800. ఈ కారు 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సి.సి. ఇంజను, మూడు సిలిండర్లు, ఒక కార్బురేటర్. మా మావయ్యగారు ఉద్యోగంలో ఉండగా ముచ్చటపడి కొన్నారు. పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి ఆర్.సి. రెన్యువల్ చేయించుకుంటూ నెట్టుకొస్తున్నాం. ఇప్పుడు ఆ బండి అవసరం ఆయనకే ఎక్కువ. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. తెనాలి నుంచి గుంటూరుకి పాతిక కిలోమీటర్లు. నాలుగేసి గంటలు సూదులు గుచ్చుకుని పడుకుని, నీరసంతో లేచే మనిషిని బస్సులో నిలబెట్టి తీసుకురాలేం కదా. వారానికి మూడుసార్లు అద్దెకారంటే మా సంసారానికి తూగదు.

మొన్నీమధ్య ఒక ఆదివారం మావారు మూడు స్పార్క్ ప్లగ్గులూ మార్చారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించారు. పని శుభ్రంగానే చేశారు, కాదనను. కానీ సాయంత్రం స్టార్ట్ చేస్తే ఇంజను గడగడా వణుకుతోంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆగిపోతోంది. సోమవారం పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి!

మగవాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది? కొత్త ప్లగ్గులు నాసిరకం అన్నారు కాసేపు. పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నారు. ఆఖరికి తప్పంతా కార్బురేటర్‌దే అని తేల్చి, స్క్రూడ్రైవర్ తెచ్చి దాని మర కూడా తిప్పేశారు. ఉన్న రోగం అలాగే ఉంది, పైన ఇంకోటి తగులుకుంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే, "కార్బురేటర్ మార్చాలండీ, అయినా ఆ బండికి ఖర్చెందుకు, తుక్కుకి ఇచ్చేయండి" అన్నాడు. వరండాలో కూర్చున్న మావయ్యగారు అన్నీ వింటున్నారు. "పోనీలేరా, రేపొక్కరోజు మానేస్తే ఏమవుతుంది?" అన్నారు. ఏమవుతుందో మాకు తెలుసు. కిందటి వానల్లో ఒకసారి తప్పితే కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకానుకుని కూర్చున్నారు. ఆ మాట అన్నాక ఇంట్లో ఎవరం కాసేపు మాట్లాడలేదు.

నేను ఇరవయ్యేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మిషను ఉన్నట్టుండి దారం చిక్కుపడితే మోటారు విప్పను. చివరగా నా చెయ్యి దేనిమీద పడింది? సూది మార్చానా, బాబిన్ మార్చానా? ముందు అక్కడే చూస్తాను. నూటికి తొంభైసార్లు దొరుకుతుంది. కారైనా అంతే కదా! శనివారం దాకా చక్కగా నడిచిన బండి ఆదివారం సాయంత్రానికి మొరాయిస్తే, ఎవరూ ముట్టుకోని పెట్రోలు పంపుని అనుమానించడం దేనికి?

"ఏమండీ, పొద్దుట్నుంచీ ఏమేం ఊడదీశారో వరసగా చెప్పండి" అన్నాను. "నాకు నువ్వు చెప్పొచ్చేదేమిటి" అని విసుక్కున్నారు. నేనేమీ అనలేదు, టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు సగం కాకముందే చెప్పడం మొదలెట్టారు.

ముందు ప్లగ్గుల వైర్లు. ఇంజను ఆపి, ఒక్కొక్క టోపీని ప్లగ్గు మీద టక్కుమనేదాకా నొక్కాలి. సరిగ్గా కూర్చోకపోతే ఆ సిలిండరు పనిచేయక ఇంజను వణుకుతుంది. ఇంజను నడుస్తుండగా మాత్రం వాటిని ముట్టుకోకండి, పెద్ద షాకు కొడుతుంది. వైర్లు తారుమారైనా కష్టమే. ఈ ఇంజనులో నిప్పు 1-3-2 వరసలో పడాలి. మా వైర్ల మీద నా గోళ్లరంగుతో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెట్టి ఉంచాను కనుక ఆ బెంగ లేదు. మీరూ పెట్టుకోండి. విప్పేముందు సెల్‌ఫోన్లో ఒక ఫొటో తీసుకుంటే మరీ మంచిది.

వైర్లు బాగానే ఉన్నాయి. అప్పుడు చోక్ లాగి చూడమన్నాను. చోక్ లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. లాగగానే ఇంజను కుదురుగా నడిచింది, తోసేయగానే మళ్లీ ఆగింది. అంటే ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోందన్నమాట. కుక్కరు గాస్కెట్ వదులైతే ఆవిరి బయటికి పోతుంది చూడండి, ఇక్కడ బయటిగాలి లోపలికి పోతుంది. తేడా అంతే.

కొంగు బిగించి దోపుకుని, జడ ముడేసుకుని, గాజులు తీసి గూట్లో పెట్టి బానెట్ దగ్గర నిలబడ్డాను. (లోహపు గాజు బ్యాటరీకి తగిలితే నిప్పులే. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, ఇంజను ఆగి ఉన్నా వేడికి దానంతటదే తిరగొచ్చు.) మొక్కలకి నీళ్లు పెట్టే పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండోది బెల్టుకి దూరంగా అక్కడక్కడా తిప్పాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనకాల 'స్స్' మని చప్పుడు! కొంతమంది అలాంటి చోట పెట్రోలు చిలకరించి చూస్తారట. వేడి ఇంజను మీద అంత పనికిమాలిన పని ఇంకోటి లేదు.

టార్చి వేస్తే చిటికెన వేలంత లావు రబ్బరు గొట్టం ఒకటి ఊడి వేలాడుతోంది. డబ్బా తీసేటప్పుడు లాగుడుపడి, ముసలి రబ్బరు కదా, కొస చీలింది. మావారు ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూశారు. ఇంజను వణుకు సగానికి సగం తగ్గిపోయింది. చీలిన అరంగుళం నా కత్తెరతోనే కోసి, మిగిలినది ఎక్కించి క్లిప్పు పెట్టాం.

కానీ అసలు తంటా తర్వాతే వచ్చింది. సాయంత్రం తిప్పిన మర ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకోలేదు. దాన్ని అటూ ఇటూ సవరిస్తూ, చెవులు రిక్కించి వింటూ మళ్లీ దారికి తెచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. గొట్టం వెతకడానికి అరగంట పడితే దీనికి రెండు గంటలు పట్టింది. తిప్పేముందు స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసుకుంటే ఈ అవస్థ ఉండేది కాదన్నారు మావారు. నేను ఊ కొట్టి ఊరుకున్నాను.

సోమవారం ఆరింటికే బయల్దేరాం. రైల్వేగేటు పడితే పది నిమిషాలు ఆగాం. "ఇంజను ఆపేయరా, మళ్లీ స్టార్టవుతుందిలే" అని వెనకసీట్లోంచి మావయ్యగారే చెప్పారు. ఆగిపోయినప్పుడల్లా వాడిపోయిన ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది. వచ్చేటప్పుడు గుంటూరులో రెండు మీటర్ల కొత్త రబ్బరు గొట్టం కొన్నాం. మిగతా పాతవాటిని ఒక్కొక్కటే మారుస్తున్నారు మావారు, ఒకటి మార్చి బండి నడిపి చూశాకే ఇంకోటి.