రేకుకీ రేకుకీ మధ్య

బొలోన్యా,
ఆదివారం రాత్రి

వదినగారికి నమస్కారాలు.

మీ మేనకోడలు బాగానే ఉంది. చదువు ధ్యాసలో పడి వేళకి తినడం మానేసింది తప్ప వేరే లోటేమీ లేదు. మీ తమ్ముడిని మీ వంటింటికి అప్పగించి వచ్చాను గనక ఆయన గురించి నాకు బెంగ లేదు. ఉన్నదల్లా మీ గురించే.

"ఊళ్ల ఫొటోలు ఫోన్లో ఎలాగూ చూస్తాం, అక్కడ ఏం వండుకుంటారో, ఎలా వండుకుంటారో రాయి" అన్నారు కదా. ఆ పని మీదే ఉన్నాను. ఈ ఊరికి మూడు బిరుదులున్నాయి: చదువుల ఊరు, ఎర్రటి ఊరు, బొద్దు ఊరు. చదువుల ఊరనడం ఇక్కడి విశ్వవిద్యాలయాన్ని చూసుకుని. అది 1088 నాటిదని లెక్క. ఎరుపు గోడలదీ పెంకులదీ. బొద్దుతనం మాత్రం తిండిదే. వీధి వీధికీ ఇళ్ల ముందు వసారాలు కట్టారు. ఊరు మొత్తం మీద అరవై కిలోమీటర్లు దాటుతాయట. 2021లో యునెస్కో వాళ్లు వాటిని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. వానలో గొడుగు లేకుండా బజారంతా తిరిగొచ్చాను.

పెద్ద చౌకు పక్కన సందుల్లో పాత బజారుంది. కొట్లలో పంది తొడలు దూలాలకి వేలాడుతుంటాయి, జున్ను బండలు గుమ్మంలోనే దొర్లుతుంటాయి. అద్దాల వెనక ఆడవాళ్లు గజం పొడవు కర్రలతో గుడ్ల పిండి ఒత్తుతుంటే జనం నిలబడి చూస్తారు. తిండి విషయంలో వీళ్ల పట్టుదల ఎంతంటే, వాణిజ్య మండలి భవనంలో బంగారంతో చేసిన ఒక పాస్తా పట్టీ దాచారు. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో రిజిస్టర్ చేయించారు. ఊళ్లోని ఎత్తైన బురుజు అజినెల్లి 97 మీటర్లు. అందులో 12,270వ వంతు అన్నమాట. మాంసం కూర 'రగూ' వంటకాన్ని 1982లో నమోదు చేశారు. కాలం మారిందని 2023లో సవరించారు కూడా.

మీ మేనకోడలు అద్దెకున్న ఇంటావిడకి డెబ్బై దాటాయి. హోటల్లో లజాన్యా తిని వచ్చామంటే పెదవి విరిచింది. ఏం వేశారని అడిగింది. సాగే చీజు చాలా వేశారన్నాను. ఆవిడ ఏదో గబగబా అంది. మీ మేనకోడలు తెలుగు చేసి చెప్పింది: "అది లజాన్యా కాదట, దుప్పటి కప్పిన కూరట. శనివారం ఖాళీ పెట్టుకోమంటోంది."

శనివారం లోపల అసలు లజాన్యాలో వేసే పర్మిజానో జున్ను ఎక్కడ తయారవుతుందో చూసి రమ్మని కూడా చెప్పింది. వెళ్తున్నాం.

మీ మరదలు


రెజ్జో ఎమీలియా,
బుధవారం

వదినగారికి నమస్కారాలు.

బొలోన్యా నుంచి పడమరకి రైల్లో వచ్చాం. దారంతా చదును. గోదావరి జిల్లా వాళ్లం, చదును నేల మనకి కొత్త కాదు. కానీ ఇక్కడ వరి బదులు పశువుల మేత, గోధుమ. చలికాలం పొగమంచులో అవి కూడా సరిగా కనబడలేదు. ఇది పో నది మైదానం. పాలూ వెన్నా ఇక్కడ నీళ్లంత తేలిక. వీళ్ల లజాన్యాలో ఏముంటుందో ఈ నేల చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

పర్మిజానో జున్ను ఎక్కడపడితే అక్కడ చెయ్యడానికి లేదు. పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా జిల్లాలు, రేనో నదికి పడమటి బొలోన్యా, పో నదికి దక్షిణపు మాంతువా, అంతే. ఆవులకి పాతరేసి పులియబెట్టిన గడ్డి పెట్టకూడదు. సాయంత్రం పాలు రాత్రంతా వెడల్పు తొట్లలో ఉంచి, తేలిన మీగడ తీసేస్తారు. పొద్దున్న పితికిన పాలు వాటికి కలిపి, గంట ఆకారం రాగి కాగుల్లో పోస్తారు. నిన్నటి విరుగుడు నీళ్లు తోడు వేసి, దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. అంటే ఇది శాకాహారం కాదు, వదినా. మీ శనివారాలకి పనికిరాదు, ముందే చెబుతున్నాను.

విరిగిన పాలని పొడవాటి కవ్వంతో బియ్యపు నూకంత సన్నంగా చిదిపి, 55 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ముద్ద అడుక్కి దిగుతుంది. ఇద్దరు మనుషులు గుడ్డలో దాన్ని పైకి లేపి, కత్తితో రెండు చేస్తారు. కాగుకి కవలలే. ఒక్కో బండకి అయిదొందల లీటర్లు పైనే పడతాయి. బండ బరువు నలభై కిలోలు. రెండు మూడు వారాలు ఉప్పునీళ్లలో ఉండి, తర్వాత కనీసం పన్నెండు నెలలు చెక్క అరల మీద కూర్చుంటాయి. అప్పుడు పరీక్షాధికారి చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటాడు. లోపల పగులుంటే చప్పుడు మారుతుందట. తప్పిన బండ పైతొక్క మీది ముద్రలు చెక్కేస్తారు. మిగిలిన విరుగుడు నీళ్లు పందులకి. ఆ పందులే బజారులో వేలాడే తొడలు. ఏదీ వృథా పోదు.

ఇంకో సంగతి. కాగు దగ్గర పనిచేస్తున్న ఇద్దరిలో ఒకాయన తలపాగా చుట్టుకున్న సర్దార్జీ. నాకొచ్చిన హిందీతో పలకరిస్తే మొహం ఇంతయింది. ఈ మైదానంలో పశువుల కొట్టాల్లో, జున్ను కేంద్రాల్లో పంజాబీలు చాలామంది ఉన్నారు. దగ్గర్లోనే నొవెల్లారా అనే ఊళ్లో పెద్ద గురుద్వారా ఉంది, 2000లో కట్టారు. పండగకీ ఆదివారానికీ సెలవు పెట్టకుండా, తెల్లవారుజామున లేచి పాడికి వెళ్లే మనుషులు ఇక్కడి కుర్రాళ్లలో తగ్గిపోయారు. ఆ పని వీళ్లు అందుకున్నారు. ఇటలీ గర్వపడే జున్నులో మన పక్క మనిషి చెయ్యి ఉంది.

మీ మరదలు


బొలోన్యా,
శనివారం రాత్రి

వదినగారికి నమస్కారాలు.

కాళ్లు పీకుతున్నాయి గానీ ఇవాళే రాసేస్తే కొలతలు మరిచిపోను.

ఇంటావిడ మొదట చెప్పిన మాట: ఇది ఒక వంట కాదు, మూడు వంటలు. కూర ఒకటి, తెల్ల గంజి ఒకటి, రేకులు ఒకటి. మూడూ విడివిడిగా రుచిగా ఉండాలి. ఓవెన్ దేన్నీ బాగుచెయ్యదు, ఉన్నవాటిని కలుపుతుందంతే.

కూర. వీళ్లది గొడ్డు మాంసం, పంది పొట్టకొవ్వు. మనింట్లో రెండూ రావు గనక స్టేషన్ వెనక పేటలో హలాల్ కొట్టుకి వెళ్లి అరకిలో మటన్ కైమా తెచ్చాను. కొవ్వు తీయించెయ్యమని, లేకపోతే దాని వాసనే పైకి వస్తుందని ఆవిడ హెచ్చరించింది. ఉల్లి, క్యారెట్, సెలరీ కాడ అణువంత ముక్కలు చేసి వెన్నలో మెత్తబడేదాకా వేయించాలి. తర్వాత కైమా. నీరంతా ఇగిరి చిటపటలాడేదాకా కదపాలి. అల్లం లేదు, వెల్లుల్లి లేదు, గరం మసాలా లేదు. నీచువాసన రాదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఎర్రగా వేగనిస్తే రాదంది, నిజంగానే రాలేదు. అర గ్లాసు వైను పోసి ఇగరబెట్టింది. ఈ ఒక్క వాక్యం అన్నయ్యగారికి చదివి వినిపించకండి. టమాటా గుజ్జు కొంచెమే, కూర ఎర్రగా కాకుండా ఇటుక రంగులో ఉండేంత. వేడి మాంసపు చారు కాస్త కాస్త పోస్తూ, సన్నటి సెగ మీద మూడు గంటలు. చివర్లో అర గ్లాసు పాలు. టమాటా పులుపు విరుగుతుంది.

గంజి. 80 గ్రాముల వెన్న కరిగించి, 80 గ్రాముల మైదా వేసి, రంగు మారకుండా పచ్చివాసన పోయేదాకా కలపాలి. లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. ఉప్పు, గీరిన జాజికాయ. గరిటె వెనక పల్చగా అంటుకునే పాకానికి దించెయ్యాలి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. మన గేదె పాలు దీనికి మరీ చిక్కన, నీళ్లు కలపాలి.

ఇక రేకులు. బొలోన్యా లజాన్యా ఆకుపచ్చగా ఉంటుంది. పాలకూర ఉడికించి, చేతుల్లో నొప్పి పుట్టేదాకా పిండి, సన్నగా తరగాలి. అలాంటిది 120 గ్రాములు, మెత్తటి గోధుమ పిండి 400 గ్రాములు, గుడ్లు మూడు. నీళ్ల చుక్క వెయ్యకూడదు. పిండి చపాతీకి తడిపినట్టు ఉంటే లాభం లేదు, అప్పడాల పిండంత గట్టిగా ఉండాలి. పది నిమిషాలు మర్దించి, గిన్నె బోర్లించి అరగంట వదిలేసింది. తర్వాత బల్లంత చెక్క మీద ఒత్తడం. కర్ర మధ్యనుంచి రెండు అరచేతులూ బయటికి జారుస్తూ, పిండిని కర్రకి చుట్టి విప్పుతూ, పావు వంతు తిప్పుతూ. ఎత్తి పట్టుకుంటే వెనక కొండ మీది సాన్ లూకా గుడి కనబడాలని ఇక్కడివాళ్ల మాట. ఆ కొండకి 666 కమానుల వసారా ఉంది. నాకు గుడి కనబడలేదు గానీ కిటికీ ఊచలు కనబడ్డాయి. ఆవిడ తలూపింది.

అరచేయంత ముక్కలు కోసి, మరిగే ఉప్పునీళ్లలో ఒక్క నిమిషం, వెంటనే చన్నీళ్లలో, తర్వాత పొడి గుడ్డ మీద. తడి ఉంటే పళ్లెంలో జావైపోతుంది.

పేర్చడంలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేను కూర గరిటె నిండా తీశాను. ఆవిడ సగం వెనక్కి పోసేసింది. రేకు మీద కూర మచ్చలుగా ఉండాలి, కింద ఆకుపచ్చ అక్కడక్కడ కనబడుతూ. దాని మీద గంజి పూత, పైన గీరిన పర్మిజానో. మళ్లీ రేకు. అలా ఆరు వరసలు. అన్నిటికీ పైన గంజి, జున్ను, వెన్న ముక్కలు. సాగే చీజు ఎక్కడా లేదు. 180 డిగ్రీల్లో ముప్పావుగంట లోపే అంచులు గోధుమరంగుకి వచ్చాయి. తీసిన వెంటనే కొయ్యనివ్వలేదు, పావుగంట ఆగమంది.

కోశాక ముక్కని పక్కకి తిప్పి చూపించింది. ఆరు వరసలూ లెక్కపెట్టడానికి వీలుగా నిలబడ్డాయి. ఇదే ఆవిడ పరీక్ష. తినేది రేకుని, మిగతావన్నీ రేకుకీ రేకుకీ మధ్య పూత మాత్రమే. మటన్ గురించి అడిగితే, "తప్పేం కాదు, కానీ బొలోన్యా అని చెప్పకు" అంది.

మీ మరదలు


నేపుల్స్,
మంగళవారం

వదినగారికి నమస్కారాలు.

ఇవాళ ఇక్కడ కార్నివాల్ ఆఖరి రోజు. రేపటినుంచి ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలం. ఈ రోజు నేపుల్స్‌లో ప్రతి ఇంటా లజాన్యా ఉండి తీరాలని చెప్పి, మీ మేనకోడలి క్లాసుమేటు వాళ్ల ఇంటికి లాక్కొచ్చింది.

బొలోన్యా ఆవిడ ఈ వంటింట్లోకి వస్తే గుండె పట్టుకునేది. రేకులు ఇంట్లో ఒత్తరు. గట్టి గోధుమ రవ్వతో చేసి ఎండబెట్టిన, అంచులు గిలకలు తిరిగిన మందపు రేకులు కొంటారు. గుడ్డు ఉండదు, పాలకూర ఉండదు. పాల గంజి బదులు రికొట్టా జున్ను. నిన్నటినుంచి పొయ్యి మీద బుడగలేస్తున్న ఎర్రటి టమాటా రగూ. అందులోకి బొటనవేలి గోరంత మాంసపు ఉండలు వేయించి వేశారు. ఉడికించిన గుడ్ల చక్రాలు, సాసేజి ముక్కలు, సాగే తెల్ల జున్ను కూడా. నాకోసం మాంసం లేకుండా చిన్న పళ్లెంలో వేరే పేర్చారు. అందులో వరసలు లెక్కపెట్టబోయాను, మూడో దాని దగ్గర అంతా ఏకమైపోయింది. రుచి మాత్రం అద్భుతం.

ఇద్దరిలో ఎవరిది అసలుదని ఈ ఇంటి పెద్దాయన్ని అడిగాను. ఆయన పాత కథలు చెప్పాడు. ఇక్కడి ఆఖరి రాజు రెండో ఫ్రాన్సిస్‌కి ఇది ప్రాణమని, తండ్రి ముద్దుగా 'లజా' అని పిలిచేవాడని అంటారట. అంతకంటే పాతది, పద్నాలుగో శతాబ్దం మొదట్లో నేపుల్స్ రాజాస్థానంలో రాశారని చెప్పే లాటిన్ వంటల పుస్తకం. అందులో పులిసిన పిండిని పల్చగా ఒత్తి, మూడు వేళ్ల వెడల్పు చదరాలు కోసి, ఉడికించి, వరస వరసకీ జున్నూ సుగంధాల పొడీ చల్లి, మొనదేలిన పుల్లతో గుచ్చుకు తినమని ఉంది. టమాటా ఊసే లేదు. ఉండదు కూడా. మన మిరపకాయలాగే అదీ అమెరికా ఖండం కనుక్కున్నాకనే ఇటు వచ్చింది.

రైల్లో వస్తూ ఆలోచించాను. ఉత్తరాన మెత్తటి గోధుమ, వెన్న, ఆవు పాలు. దక్షిణాన గట్టి గోధుమ, ఎండ, టమాటా, గేదెలు. ఇక్కడి మోజరెల్లా జున్ను గేదె పాలదే. పంటని బట్టి వంట, ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఈ రెండిటినీ విడదీసింది పంట ఒక్కటే కాదని ఈ ఇంట్లో తిన్నాక అర్థమైంది. బొలోన్యాది వారం వారం వచ్చే ఆదివారపు వంట. మళ్లీ వచ్చే వారం ఉంది గనక పొదుపుగా పూస్తారు. ఇక్కడిది ఏడాదికోసారి, ఉపవాసం ముందు ఇంట్లో ఉన్న గుడ్లూ మాంసం జున్నూ ఖాళీ చెయ్యాల్సిన వంట. కుక్కి కుక్కి పెట్టడమే దాని న్యాయం. ఇది ఎక్కువైందని బొలోన్యా ఆవిడా, అది బోడిగా ఉందని ఈ పెద్దాయనా దెప్పుకుంటారు గానీ, ఇద్దరూ తమ తమ పంచాంగం ప్రకారం సరిగ్గానే వండుతున్నారు.

అందుకని మనింట్లో చేసేది బొలోన్యా పద్ధతి. మనకి పండగ వంటలకి కొదవ లేదు, ఆదివారానికే కొత్తది కావాలి. మైదా చాలు, పాలకూర పెరట్లోదే. మీ కోడలి చిన్న ఓవెన్లో పట్టే లోతైన పళ్లెం ఒకటి కొలిచి చెప్పండి. పర్మిజానో హైదరాబాద్‌లో దొరుకుతుంది, దిగగానే తెస్తాను. గీరిన పొడి డబ్బా మాత్రం కొనిపించకండి, ముక్కే కావాలి. మాంసం తినని వాళ్లకి కైమా బదులు పుట్టగొడుగులు సన్నగా తరిగి వేద్దాం. జున్ను సంగతి మాత్రం వాళ్లకి ముందే చెప్పేద్దాం. ఒత్తే పని మీది, పేర్చే పని నాది. గరిటె మీ తమ్ముడి చేతికి ఇవ్వకండి, ఆయన నేపుల్స్ మనిషి.

అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

ఇట్లు,
మీ మరదలు